మూత ముట్టుకోబాక!

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక నడిచే వీడియోలు రెండే రకాలు. ఒకటి క్రికెట్. రెండోది ఆస్ట్రేలియా ఎడారుల్లో ఫోర్ వీల్ బండ్లు వేసుకుని తిరిగేవాళ్ల సాహసాలు. అక్కడ కానింగ్ స్టాక్ రూట్ అని ఒక దారి ఉంది. ఒకప్పుడు పశువుల మందల్ని తోలుకెళ్లడానికి వేసిన దారి, పొడవు సుమారు 1,850 కిలోమీటర్లు. రోజుల తరబడి మనిషి కనపడడు. యాక్సిల్ విరిగితే రెండు బ్యాటరీలు కలిపి అక్కడికక్కడే వెల్డింగ్ చేసేస్తారు. మనం నోరు తెరుచుకుని చూస్తాం. చూసిన ప్రతిసారీ నాకొక అనుమానం వచ్చేది: ఇందులో మన నెల్లూరు జిల్లాకి పనికొచ్చేది ఎంత?

మాది బుచ్చిరెడ్డిపాలెం. మా వైపు అంత పొడుగు పేరు ఎవరూ వాడరు, బుచ్చి అంటే చాలు. రైసు మిల్లులు, ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, వాటిని బాగుచేసే షెడ్లు, ఇదీ మా ఊరు. పొలంలో దిగబడిన ట్రాక్టరుని ఇంకో ట్రాక్టరుతో లాగడం మాకు చిన్నప్పటి నుంచీ చూసే సినిమానే. మా మామ దగ్గర ఒక పాత డీజిల్ జీపు ఉంది, ఫోర్ వీల్. అందులో కరెంటుతో పనిచేసేవి లైట్లు, హారను, సెల్ఫ్, రెండు మూడు మీటర్లు, అంతే. పోయిన మే నెలలో సెమిస్టరు పరీక్షలు అయ్యాక మామ, నేను, నా క్లాస్‌మేట్లు ఇద్దరు ఆ జీపులో బయలుదేరాం. సంగం, ఆత్మకూరు, అనంతసాగరం, సోమశిల దాకా తారు రోడ్డు. ఆ తర్వాత వెలిగొండల కింద మట్టి దారులు. ఫారెస్టు హద్దు రాళ్లకి ఇవతలే తిరిగాం. ఎందుకో తర్వాత చెబుతా. ఆ ఒక్కరోజులో జీపు మూడుసార్లు ఆగింది. ఆ మూడింటినీ పట్టుకుని, బండి ఊరికి దూరంగా ఆగిపోతే ఏం చేయాలో, మన థర్మోడైనమిక్స్ పుస్తకం అక్కడ ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నా.

ముందు ఒక మాట. బండి ఆగగానే మనం బానెట్ ఎత్తి "ఎందుకు ఆగింది?" అని వెతుకుతాం. మామ పద్ధతి అది కాదు. ఆయన ముందు మనుషుల్ని చూస్తాడు. ఎవరికైనా కాలుద్దా, తగులుద్దా, బండి కిందికి జారుద్దా అని. తర్వాత, ఇదే స్థితిలో నడిపితే ఇంకేదైనా పెద్దది పోతుందా అని ఆలోచిస్తాడు. ఆ రెండూ తేలాకే స్పానరు చేతికి తీసుకుంటాడు. ఫ్యాను బెల్టు కిచకిచమంటే ఊరి దాకా పోవచ్చు. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే పది మీటర్లు కూడా పోకూడదు. బ్రేకు పెడల్ స్పాంజిలా దిగిపోతుంటే ఘాట్ దిగకూడదు, రాత్రయినా సరే అక్కడే పడుకోవాలి. ఏ జబ్బుతో నడవొచ్చు, ఏ జబ్బుతో నడవకూడదు అన్నది తెలిస్తే సగం మెకానిక్ అయినట్టే. మిగతా సగం చేతి పని.

మొదటిసారి ఆగింది ఇసుకలో. ఎండిపోయిన వాగు దాటుతుంటే ముందు చక్రాలు దిగబడ్డాయి. ఇలాంటప్పుడు అందరూ చేసేది ఒక్కటే, యాక్సిలరేటర్ తొక్కడం. చక్రం గిర్రున తిరిగి తన గోతిని తనే తవ్వుకుంటుంది. కాసేపటికి చాసిస్ ఇసుక మీద కూర్చుంటుంది, ఇక చక్రాలకి బరువే ఉండదు, పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? మామ వెంటనే ఆపేసి, చక్రాల ముందున్న ఇసుక పారతో లాగించి, టైర్లలో గాలి తగ్గించాడు.

గాలి ఎందుకు తగ్గించాలో మనకి తెలిసిన లెక్కే. జీపు బరువు 1,600 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద 400. టైరులో 30 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.1 కిలోలు, నేలని తాకే భాగం 190 చదరపు సెంటీమీటర్లు. గాలి 15కి తగ్గిస్తే అది 380. టైరు గోడల బిగువు వదిలేసి వేసిన మోటు లెక్క ఇది, కానీ విషయం అర్థమవుతుంది. టైరు అడుగు పొడుగ్గా సాగి ఇసుక మీద పరుచుకుంటుంది, ఒంటె పాదం లాగ. ఇక్కడ ఆస్ట్రేలియా వాళ్లదీ మామదీ ఒకటే మాట. అయితే గట్టి నేల మీదకి రాగానే మళ్లీ గాలి కొట్టాలి. తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడినా ఊడుతుంది. అందుకే పంపు లేకుండా గాలి తీయొద్దు.

గాలి తగ్గించినా జీపు కదిలింది రెండడుగులే. దూరంగా పొలంలో ట్రాక్టరు శబ్దం వినపడితే పోయి పిలుచుకొచ్చాం. ట్రాక్టరు అన్న వచ్చి గొలుసు తీశాడు. జీపు బంపర్‌కి కట్టబోయిన మా వాణ్ని ఆపి, చాసిస్‌కి ఉన్న హుక్కుకి కట్టాడు. గొలుసు మధ్యలో తడిపిన గోనెసంచి వేశాడు. "లాగేటప్పుడు గొలుసు పక్కన ఒక్కరు కూడా నిలబడబాకండి" అని మమ్మల్ని వాగు గట్టు ఎక్కించి కూర్చోబెట్టాడు. మేం ఫోన్లలో వీడియో తీయాలని దగ్గరికి పోబోతే కేకలేశాడు కూడా.

రెండో లాగుకి గొలుసు లింకు తెగింది. గోనెసంచితో సహా తోక జీపు రేడియేటర్ జాలీకి కొట్టుకుని నేల మీద పడింది. జాలీ సొట్టపోయింది. మా వాడు వీడియో కోసం నిలబడదామనుకున్న చోటు సరిగ్గా గొలుసు పక్కనే.

బిగిసిన గొలుసు, తాడు, ఇనుప రోపు, ఏదైనా సరే స్ప్రింగే. సాగిన దూరం వర్గానికి తగ్గట్టు శక్తి దాచుకుంటుంది, తెగినప్పుడు మొత్తం ఒక్కసారే వదిలేస్తుంది. మెల్లగా లాగితే బరువుకి తగ్గ బలమే పడుతుంది. కుదుపుతో లాగితే దానికి ఎన్నో రెట్లు. తడి గోనెసంచి చేసే పని ఎగిరే తోకకి బరువు తగిలించి కిందికి దించడం. ఆస్ట్రేలియా వాళ్లు దీనికే ప్రత్యేకమైన దుప్పటి కొంటారు. మనకి గోనెసంచి ఫ్రీ, మా బుచ్చిలో అయితే మరీనూ. ఆ తర్వాత అన్న గొలుసుని రెండు మడతలు వేసి, లో గేరులో చీమ నడకలా లాగితే జీపు బయటపడింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మజ్జిగ ప్యాకెట్లు మాత్రం రెండు పట్టుకున్నాడు.

రెండో ఆగుడు డీజిల్‌ది. ఎత్తు ఎక్కుతుంటే దగ్గింది, కాసేపు ఊగింది, ఆగిపోయింది. ఇక్కడ ఎలా ఆగిందన్నదే ముఖ్యం. పాత డీజిల్ ఇంజన్‌కి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఒకసారి నడుస్తుంటే దానికి కావలసినవి రెండే, గాలి, డీజిల్. టక్కున కరెంటు పోయినట్టు కాకుండా దగ్గి దగ్గి ఆగిందంటే చూపు డీజిల్ వైపు పోవాలి. మామ ఫిల్టరు కింది స్క్రూ వదులు చేసి ఖాళీ వాటర్ బాటిల్లోకి కొంచెం పట్టాడు. ఒక నిమిషం అలా పెడితే అడుగున తేటగా ఒక పొర, పైన పసుపు పొర. అడుగున ఉన్నది నీళ్లు. డీజిల్ కంటే నీళ్లు బరువు కదా. ట్యాంకులో చెమ్మ చేరిందో, క్యానులో పట్టిన డీజిల్లో వచ్చిందో, ఆ కొండ కింద నిలబడి తేల్చుకునేది కాదు.

నీళ్లు పోయేదాకా వదిలాక ఇంకో సమస్య, పైపుల్లోకి గాలి పోతుంది. మెకానిక్కుల భాషలో "ఎయిర్ పట్టింది". ఇంజెక్టరు తెరుచుకోవాలంటే 100 బార్లకి పైగా ఒత్తిడి రావాలి. డీజిల్‌ని పంపు నొక్కితే ఆ ఒత్తిడి వెంటనే వస్తుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే పంపు నొక్కిన నొక్కుడంతా బుడగ కుంచించుకుపోవడానికే సరిపోతుంది, ఇంజెక్టరు కదలదు. అందుకని ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేత్తో నొక్కే ప్రైమరు కొట్టాలి. ముందు నురగ వస్తుంది. నురగ ఆగి గట్టిగా డీజిల్ ధార వచ్చినప్పుడు, కొడుతూనే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్టరు పైపు నట్టు అర తిప్పు వదిలి సెల్ఫ్ కొట్టాలి, అక్కడా బుడగలు పోగానే బిగించాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించకుండా, మధ్యలో నిమిషం గ్యాపు. లేకపోతే ఎయిర్ పోయేలోపు బ్యాటరీ పోతుంది. మాకు ఇరవై నిమిషాల్లో పని అయింది.

ఇది చదివి ఎవరైనా ఇంట్లో కొత్త ఎస్‌యూవీ మీద ప్రయోగం చేస్తారేమో, చేయొద్దు. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో పైపు ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నట్టు వదులు చేస్తే వచ్చే సన్నటి ధార కంటికి కనపడకుండానే చర్మంలోకి దూరుతుంది. సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, లోపల మాత్రం డీజిల్, ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కొత్త బండ్లలో ఫిల్టరు నీళ్లు వదిలి, కంపెనీ పుస్తకంలో రాసినట్టు ప్రైమ్ చేయడం వరకే మన హద్దు.

ఇక మూడోది. మధ్యాహ్నం మూడు గంటలు, రోహిణి కార్తె ఎండ. తారు రోడ్డు ఇంకా 14 కిలోమీటర్లు ఉంది. ఫోన్లో సిగ్నల్ లేదు. టెంపరేచర్ ముల్లు పైకి పోయి, ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. వెనక సీట్లో మా సీఎస్ఈ మిత్రుడు "హమ్మయ్య, చల్లబడింది" అన్నాడు. మామ ఆ మాట పూర్తయ్యేలోపే ఇంజన్ ఆపేశాడు. ముల్లుకి కబురు చెప్పే సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నంత సేపే నిజం చెబుతుంది. నీళ్లు పోయి అది గాలిలో తేలితే ముల్లు పడిపోతుంది, ఇంజన్ మాత్రం కాలిపోతుంటుంది. ముల్లు పైకి పోవడం కంటే పైకి పోయి పడిపోవడం ఎక్కువ ప్రమాదం.

బానెట్ ఎత్తితే ఆవిరి. రేడియేటర్ కింది హోసు పైపు పగిలింది. మా మిత్రుడు చేతికి టవలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. మామ అరిచిన అరుపు కొండకి తగిలి మళ్లీ వినపడింది. "ఒరేయ్, మూత ముట్టుకోబాక!"

టవలు ఎందుకు చాలదో చూద్దాం. మూత ఉన్నదే లోపల ఒత్తిడి నిలపడానికి. బయటి గాలి కంటే 1 బార్ ఎక్కువ పట్టే మూత అయితే లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పడిపోతుంది, మరిగే ఉష్ణోగ్రత 100కి దిగుతుంది. నీళ్లు మాత్రం ఇంకా 120లోనే ఉన్నాయి. ఆ ఎక్కువైన 20 డిగ్రీల వేడి ఎక్కడికి పోవాలి? కొంత నీటిని ఆవిరి చేస్తుంది. లెక్క వేస్తే 10 లీటర్లలో నాలుగు శాతం కూడా ఆవిరవదు. కానీ ఆ కాస్త నీరే 600 లీటర్ల ఆవిరి, మిగతా మరిగే నీళ్లని ముందు తోసుకుంటూ మూత సందులోంచి మొహం మీదకి వస్తుంది. ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లో ఊహించుకోండి. కనీసం అరగంట ఆగాలి. పై హోసుని చేత్తో పట్టుకుంటే కాలకుండా, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు మూత.

ఆ అరగంటలో అసలు సమస్య నీళ్లని తేలింది. జీపు కోసం మామ విడిగా పెట్టుకున్న క్యానులో 5 లీటర్లు. రేడియేటర్‌కి కనీసం 8 కావాలి. తాగే నీళ్లు 9 లీటర్లు మిగిలాయి, మనుషులం నలుగురం. మూడు లీటర్లు తీసి పోసేద్దామని ఒకడు. ఇద్దరు నడిచిపోయి సాయం తెస్తే సరి అని ఇంకొకడు. మామ రెండూ వద్దన్నాడు. అతుకు నిలబడకపోతే ఆ మూడు లీటర్లు నేలపాలు, బండీ కదలదు, నీళ్లూ ఉండవు. నడక సంగతి చూస్తే ఆ ఎండలో నడిచే మనిషికి గంటకి లీటరు దాకా చెమట పోవచ్చు. 14 కిలోమీటర్లకి మూడున్నర గంటలు, ఇద్దరికి ఏడు లీటర్లు. ఇక ఇక్కడ కూర్చున్న ఇద్దరికి మిగిలేది రెండు. లెక్క చూశాక నడుస్తానన్నవాడు చెట్టు కింద కూర్చున్నాడు. ఆస్ట్రేలియాలో కూడా దిక్కుతోచని చోట బండిని వదిలి పోవద్దనే చెబుతారు. వెతికేవాళ్లకి మనిషి కంటే బండి ముందు కనపడుతుంది, పైగా నీడ ఉంటుంది.

నాలుగింటికి గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. నీళ్లు అడిగితే నవ్వి, వాగు మలుపులో చెలమ ఉందని చూపించాడు. పైన ఎండు ఇసుక, రెండడుగులు తవ్విన గుంటలో నీళ్లు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగి, చెలమ అన్న మాట విన్నాను గానీ దాని నుంచి నీళ్లు తోడింది అదే మొదలు. మట్టి నీళ్లే. టవల్లో వడకట్టి క్యానులో పట్టాం. రేడియేటర్‌కి ఆ రోజుకి అవి చాలు, తర్వాత శుభ్రంగా కడిగించుకోవాలి. మనుషుల నీళ్లు మనుషులకే మిగిలాయి.

హోసు అతుకు ఇలా వేశాం. పగులు క్లిప్పు దగ్గరే ఉంటే పగిలిన కొస కోసేసి మళ్లీ తొడిగితే అయిపోయేది, మాది మధ్యలో పగిలింది. పైపు తుడిచి బాగా ఆరబెట్టాం. సైకిల్ ట్యూబుని రెండేళ్ల వెడల్పు పట్టీగా కోసి, పగులుకి నాలుగేళ్ల ముందు నుంచి చుట్టడం మొదలుపెట్టాం. ప్రతి చుట్టూ గట్టిగా సాగదీస్తూ, ముందు చుట్టు సగం మీదకి వచ్చేలా. దాని మీద రెండు క్లిప్పులు. నీళ్లు నింపాక మామ మూతని పూర్తిగా బిగించలేదు, మొదటి గాడిలోనే ఆపాడు. ఇది నాకు బాగా నచ్చిన పని. మూత వదులుగా ఉంటే లోపల ఒత్తిడి పెరగదు, అతుకు మీద భారం పడదు. దానికి బదులు నీళ్లు మళ్లీ 100 డిగ్రీలకే మరుగుతాయి. అందుకని ఇంజన్‌ని కష్టపెట్టకూడదు, ఎండ తగ్గాకే కదలాలి. ఐదున్నరకి కదిలాం. గంటకి 15 కిలోమీటర్లు, రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆపి చూడటం. అతుకు చెమర్చింది గానీ కారలేదు. ఆత్మకూరులో షాపు మూసే టైముకి కొత్త హోసు దొరికింది.

చీకటి పడేలోపు కదలాలన్న తొందర వెనక ఇంకో కారణం ఉంది. వెలిగొండలు ఎర్రచందనం పెరిగే కొండలు. ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లో మన ఈ దక్షిణపు ముక్కలోనే. రాత్రిపూట అక్కడ లైట్లు ఆర్పి ఆగి ఉన్న జీపు, అందులో నలుగురు మగాళ్లు అంటే ఫారెస్టు వాళ్లకి రేడియేటర్ కథ చెప్పి నమ్మించాలి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం నేరం కూడా. హద్దు రాళ్లకి ఇవతలే తిరిగింది అందుకే.

విదేశీ వీడియోల్లో చెప్పే ఇంకో సలహా మనకి అస్సలు పనికిరాదు. సిగ్నల్ లేని చోటికి శాటిలైట్ ఫోను తీసుకెళ్లమంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది వాడటం చట్టవిరుద్ధం. తురాయా, ఇరిడియం ఫోన్లతో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ టూరిస్టులే ఉన్నారు. శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరాలతో కూడా అదే తంటా. మనకి ఉన్నది 112, అది కూడా ఏదో ఒక కంపెనీ టవర్ అందితేనే. అందుకే బయలుదేరే ముందు ఏ దారిలో పోతున్నాం, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తాం అన్నది కాయితం మీద రాసి ఇంట్లో పెట్టాలి. మామ రాసిన చీటీలో చివరి లైను: "రాత్రి 11 దాటితే ఆత్మకూరు స్టేషనుకి ఫోన్ చెయ్యి." అత్త దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

వెంట ఏం పెట్టుకోవాలి అని అడుగుతారు కాబట్టి చెబుతా. సర్కారు తుమ్మ ముల్లు మా జిల్లా జాతీయ జంతువు లాంటిది, ఏ టైరునీ వదలదు. కాబట్టి గాలి ఉన్న స్టెప్నీ, పంక్చర్ కిట్టు, పంపు, గాలి గేజు. జాకీ కింద పెట్టడానికి అడుగు చదరం చెక్క, లేకపోతే ఇసుకలో బండి లేవదు, జాకీ దిగుతుంది. స్పేర్ ఫ్యాను బెల్టు తప్పనిసరి. పాత జీపుల్లో నీళ్ల పంపు, డైనమో రెండూ అదే తిప్పుతుంది, చార్జింగ్ లైటు వెలిగి టెంపరేచర్ కూడా పెరిగితే బెల్టు తెగినట్టే. బెల్టు బదులు ఆడవాళ్ల మేజోళ్లు కట్టొచ్చని ఇంటర్నెట్లో ఉంటుంది. వెలిగొండల్లో మేజోళ్లు వెతికే ఓపిక ఉంటే బెల్టే కొనుక్కోవచ్చు. హోసు క్లిప్పులు, సైకిల్ ట్యూబు, ఇనుప తీగ, ఫ్యూజులు, డీజిల్ ఫిల్టరు, ఎంసీల్.

ఒక బట్టల సబ్బు కూడా. డీజిల్ ట్యాంకుకి రాయి తగిలి సన్నగా కారుతుంటే ఎంసీల్ అంటుకోదు, జిడ్డు మీద అది నిలవదు. ముందు సబ్బుని పగుల్లో గట్టిగా రుద్ది కూరితే కారడం తగ్గుతుంది. సబ్బు నీళ్లలో కరుగుతుంది, డీజిల్లో కరగదు. చుట్టూ తుడిచి ఆరాక ఎంసీల్ కలిపి మెత్తి, గంటకి పైగా కదలకుండా వదిలేయాలి. మామ జీపు ట్యాంకుకి అలాంటి అతుకు ఒకటి ఎప్పటి నుంచో ఉంది, మెకానిక్ తీసేస్తానంటే ఆయన ఒప్పుకోవడం లేదు.